ఓడిపోవడానికి వెళ్ళిన ఫిరంగులు

ఆ ఆదివారం పొద్దున అల్లుడి పథకం చాలా చిన్నది. మామగారింటికి వెళ్ళాలి, కంప్యూటర్ యుద్ధంలో ఆయన చేతిలో ఓడిపోవాలి, భోజనం వేళకు తిరిగి రావాలి. ఓడిపోవడానికి పెద్ద తెలివి అక్కర్లేదని అతని ధీమా.

మామగారు రిటైరైన లెక్కల మాస్టారు. ఆరు నెలల క్రితం పక్షవాతం వచ్చి తగ్గింది గానీ, కుడిచెయ్యి వణుకు మిగిలింది. పదిమందిలో వణికితే నామోషీ అని ఆయన దాన్ని ఒళ్ళోంచి తీయడమే మానేశారు. మిగిలిన సరదా ఒక్కటే, తుపాకిమందు దట్టించి ఫిరంగులు పేల్చిన కాలంనాటి యుద్ధాల ఆట. అందులోనూ వరసగా ఓడిపోయి, ఇంకొక్కసారి ఓడితే కంప్యూటర్‌ను అటకెక్కిస్తానని తేల్చేశారు.

"ఒక్క ఆట గెలిస్తే నాన్నకి ధైర్యం వస్తుంది. ధైర్యం వస్తే చెయ్యీ కదులుతుంది. మీరు ఓడిపోతే చాలు," అంది భార్య, దారి పొడుగునా.

చాలదా మరి! గోదాములో అతని ఉద్యోగం మామగారు నెల్లాళ్ళు ఎదురుగా కూర్చోబెట్టుకుని లెక్కలు నేర్పిన చలవే. ఇన్నాళ్ళకు ఆయనకు పనికొస్తున్నందుకు అతని మనసు నిండుగా ఉంది.

ఒకే తెర, వంతులవారీ ఆట. ప్రతి ఫిరంగిదళం బొమ్మ కింద ఓ చీటీ, దాని మీద రెండు అంకెలు. పదిహేనేళ్ళుగా పెట్టెల మీద చీటీలు చదివినవాడికి ఇంకొకరు చెప్పాలా? గోదాములో మొదటి అంకె ఎన్ని ఉన్నాయో, రెండోది ఒక్కొక్కటి ఎంత బరువో. కాబట్టి "12-2" అంటే పన్నెండు పిట్ట ఫిరంగులు, గోళీలంత గుండ్లు. "3-8" అంటే మూడే గానీ భారీవి. భారీవాటిని కొండ వెనక దాచి, పిట్ట ఫిరంగుల్ని ముందుకు తోశాడు.

పొగ విడేసరికి మామగారి మొదటి వరస కనిపించలేదు.

"బాగానే కొట్టావు బాబూ," అన్నారు మామగారు, ఎడంచేత్తో మౌసు తిప్పుతూ.

అల్లుడికి చెమట పట్టింది. ఇంకో చీటీ మీద గుర్రం బొమ్మ ఉంది. పెట్టె మీద ఏ బొమ్మ ఉంటే లోపల సరుకు అదే కదా. ఉత్త గుర్రాలు, పోతే పోనీ అని వాటిని మామగారి వంతెన దగ్గరికి తోలాడు. అవి గుర్రాలు లాగే తేలిక ఫిరంగులు. పరుగున వెళ్ళి, గుర్రాల్ని విప్పి, వంతెన దారి మూసేసి పేలడం మొదలుపెట్టాయి.

భార్య కాఫీ గ్లాసు అతని ముందు ఠక్కున పెట్టి, "ఓడిపోండి అంటే ఇదేనా?" అని గొణిగింది.

"ఓడిపోతూనే ఉన్నానే," అన్నాడతను దీనంగా.

ఆ మాట మామగారి చెవిన పడింది. "ఓడిపోదామని ఇలా ఆడావా?" అని నిలదీశారు. దొంగ దొరికిపోయాడు. పన్నెండు పిట్ట ఫిరంగుల సంగతీ, ఉత్త గుర్రాల సంగతీ కక్కేశాడు.

నలభై ఏళ్ళు బడిలో దాచుకున్న కోపమంతా మాస్టారికి ఒక్కసారే వచ్చింది. "నీ తెలివి తెల్లారినట్టే ఉంది. మొదటి అంకె గుండు బరువయ్యా, పన్నెండు పౌన్లు. రెండోది ఫిరంగులెన్నో. ఇదిగో, ఇక్కడ చూడు," అంటూ వేలితో తెర మీద టకటకా కొట్టారు.

కుడిచేతి వేలితో.

గుమ్మంలో భార్య నిలబడిపోయింది. మామగారు తన చేతిని తనే చూసుకున్నారు. వణుకుతోంది, కానీ తెర మీదే ఉంది. అల్లుడికి కళ్ళు చెమ్మగిల్లాయి. చీటీ సంగతి మొదటిసారే బోధపడింది, అయినా, "ఇంకోసారి చూపించండి మామయ్యగారూ, బుర్రకెక్కలేదు," అన్నాడు.

ఆయన ఆరుసార్లు చూపించారు. కంప్యూటర్ అటకెక్కలేదు.

పై ఆదివారం అల్లుడు చీటీలన్నీ నేర్చుకుని, ఈసారి నిజంగానే గెలుద్దామని సర్వశక్తులూ ఒడ్డి ఆడాడు. ఓడిపోవడానికి పావుగంట పట్టింది.