మా బ్యాలట్ ఇంకా పొడుగ్గా ఉండాలి

మా ఒరెగాన్ రాష్ట్రంలో ఎన్నికల బ్యాలట్ మరీ పొట్టిగా ఉంది. ఈ మాట అనే ధైర్యం ఎవరికీ లేదు కాబట్టి నేనే అంటున్నాను.

లోకమంతా అది పొడుగైపోయిందని ఏడుస్తోంది. గవర్నరుకు ఒక ఓటు, ఖజానా చూసే మనిషికి ఒక ఓటు, కార్మికుల గోడు వినే మనిషికి ఒకటి, పేరైనా వినని న్యాయమూర్తులకు తలా ఒకటి. వీటి వెనకాల ప్రతిపాదనలు. శాసనసభలో తేలనిదంతా, కిరాణా కొట్టు ముందు నిలబడి సంతకాలు పోగుచేసిన ప్రతివాడి కోరికా, ఒక్కో నంబరు తగిలించుకుని పోస్టులో మా ఇంటికి వస్తుంది. జీతం సభ్యులది, నిర్ణయం మాది. ఎనిమిదో తరగతిలో బడి మానేసి చేపల డబ్బాల ఫ్యాక్టరీలో చేరినదాన్ని నేను. ఈ ముసలితనంలో నన్ను పన్నుల చట్టం మీద సలహా అడుగుతున్నారు. ఇంతకంటే మర్యాద ఏముంటుంది?

బ్యాలట్ కంటే ముందు ఓటర్ల పుస్తకం వస్తుంది. ప్రతి ప్రతిపాదన గురించీ ఎవరికి తోచింది వాళ్లు అందులో అచ్చు వేయించుకుంటారు. ఎడమ పేజీలో రాష్ట్రం బాగుపడుతుంది. కుడి పేజీలో మునిగిపోతుంది. నేను అట్ట నుంచి అట్ట దాకా చదువుతాను. మొహాలు చూసుకోని ఇద్దరు కలిసి ఒకే నవల రాసినట్టుంటుంది. అలాంటి పుస్తకం ఊరికే ఇస్తుంటే విసుక్కుంటారేం!

ఫోన్లు వస్తాయని ఇంకొందరి బాధ. అక్టోబరులో గవర్నరు కావాలనుకునేవాళ్లు నాకు రోజూ ఫోన్ చేస్తారు. రికార్డు చేసిన గొంతే, కాదనను. కానీ బాగున్నారా అని అడిగి, నా జవాబు కోసం ఒక్క క్షణం ఆగుతుంది. మా చర్చిలో అంతసేపు ఆగేవాళ్లు తక్కువ.

ఇక అసలు లాభం చెబుతాను. మా రాష్ట్రంలో ఓటు వేయడానికి ఎక్కడికీ పోనక్కర్లేదు. వంటింటి బల్ల దగ్గర కూర్చుని, కాఫీ తాగుతూ, గడులు నింపి, కవరు మీద సంతకం పెడితే సరి. ఆ బల్ల దగ్గర నాతోపాటు ఇరవై ఏళ్లకు పైగా కూర్చుంటున్న మనిషి మా పక్కింటి ఓపల్. కాఫీ నాది, ఆపిల్ కేకు తనది. నేను చేసే కేకు తలుపు కదలకుండా అడ్డం పెట్టడానికి బాగుంటుందని ఓపల్ అభిప్రాయం.

మా ఇద్దరి ఓట్లూ ఒక్కసారి కూడా కలవలేదు. నేను అవునన్నదానికి తను కాదంటుంది. ఒకే ఒక్క మనిషి నిలబడిన పదవికి కూడా తను ఆ మనిషికి వేస్తే, నేను కింద ఎవరికి నచ్చిన పేరు వాళ్లు రాసుకోమని ఇచ్చే ఖాళీ గీత మీద మా చచ్చిపోయిన కుక్క పేరు రాసేదాన్ని. అంటే ఇన్నేళ్లుగా మా ఇద్దరి బలం కలిపితే సున్నా. ఈ రాష్ట్రం మంచికైనా చెడుకైనా మా పూచీ ఏమీ లేదు.

అలాంటప్పుడు ఇద్దరూ మానేయవచ్చుగా అంటారు తెలివైనవాళ్లు. ఎలా మానేస్తాం? నేను మానేశాక తను దొంగతనంగా వేస్తే? అందుకే లైబ్రరీ ముందున్న బ్యాలట్ పెట్టె దాకా ఇద్దరం కలిసే నడుస్తాం. కవరు లోపల పడిందో లేదో అని నేను సందులోకి వేళ్లు పెట్టి చూస్తాను. సంతకం పాతదానిలా లేదని తిరిగి పంపుతారేమోనని కూడా నాకు బెంగ. నా సంతకం నాకంటే ముందే ముసలిదైంది. ఒక ఏడు నేను జ్వరంతో పడుకుంటే ఓపల్ పెన్ను తెచ్చి నా చేతిలో పెట్టింది. "లేచి నింపు. నువ్వు లేకుండా గెలిస్తే దానికి రుచేముంది?" అంది.

ఈసారి గడియారాల ప్రతిపాదన వచ్చింది. వేసవి కోసం మార్చిలో ఒక గంట ముందుకు జరిపిన గడియారాన్ని నవంబరులో మళ్లీ వెనక్కి తిప్పడం మానేసి, ఏడాదంతా వేసవి గంటలే ఉంచాలా వద్దా? ఉంచాలని నా పట్టు. తిప్పితే మాకు నాలుగున్నరకే చీకటి పడుతుంది, నాకు గుబులు. ఓపల్ ససేమిరా అంది. "ఏడాదికొకసారి ఒక గంట ఊరికే వస్తుంటే వద్దంటావేమే? నీకేమైనా ఎక్కువైందా?" అని నెలంతా దెప్పింది.

ఆ నెలలోనే తన ఇల్లు అమ్మకానికి పెట్టింది. మోకాళ్లు మెట్లు ఎక్కనివ్వడం లేదు. పక్క రాష్ట్రం ఐడహోలో తన తమ్ముడిది మెట్లు లేని ఇల్లు. ఓట్లు వేసిన వారానికి ప్రయాణం. అక్కడ చాలామంది క్యూలో నిలబడి ఓటేస్తారట. తను ఎవరితో పోట్లాడుతూ నిలబడుతుందో నాకు తెలియదు.

చివరిసారి బల్ల దగ్గర కూర్చున్నాం. గవర్నరు దగ్గర పోట్లాడుకున్నాం, న్యాయమూర్తుల దగ్గర పోట్లాడుకున్నాం. గడియారాల దగ్గరికి వచ్చేసరికి ఓపల్ తన కాగితం మీదికి వంగింది. నేను చెయ్యి అడ్డం పెట్టుకుని, గంట వెనక్కి తిప్పాల్సిందేనని గడి నింపాను. వెళ్లిపోయే మనిషి పక్కింట్లో ఉండగా ఊరికే వచ్చే గంటను ఎవరు కాదంటారు?

పెట్టెలో కవర్లు వేసి తిరిగి వస్తుంటే ఓపల్ నా చెయ్యి పట్టుకుని నడిచింది, మోకాళ్ల కోసమే.

"గడియారాల దానికి నీ వైపే వేశానే," అంది.

ఎందుకన్నాను.

"ఒక్కదానివే ఉంటావు. తొందరగా చీకటి పడితే నీకు భయం కదా."

నేను ఏమి నింపానో చెప్పలేదు. ఇన్నేళ్ల సున్నా చివరి రోజున కూడా చెడిపోలేదు.

ఆ ప్రతిపాదన మా ప్రమేయం లేకుండా భారీ తేడాతో ఓడిపోయింది. గంట వచ్చింది. ఓపల్ సామాను కట్టడంలోనే అది అయిపోయింది. శనివారం తమ్ముడు వ్యాను తెచ్చాడు.

కాబట్టి శాసనసభ్యులకు నా విన్నపం ఇది. మీరు నలభై ప్రతిపాదనలు పంపి ఉండాల్సింది. గడులు నింపడానికి వారం పట్టే బ్యాలట్ పంపి ఉండాల్సింది. పొట్టిది పంపారు. ఒక్క మధ్యాహ్నంలో అయిపోయింది.

ఇప్పుడు ఇంకో చిక్కు వచ్చిపడింది. రెండేళ్ల తర్వాత నా ఓటు, కొట్టేసేవాళ్లు లేక, నేరుగా లెక్కలోకి పోతుంది. ఈ రాష్ట్రం మీద ఇంత అధికారం నేనెప్పుడూ అడగలేదు. నేను చెప్పేదంతా తప్పని నమ్మేవాళ్లెవరైనా ఇల్లు వెతుక్కుంటుంటే, మా పక్కిల్లు ఇంకా అమ్ముడుపోలేదు. మెట్లు కొంచెం ఎత్తు. ఆపిల్ కేకు చేయడం నేర్చుకుంటున్నాను.