షావుకారు గారి సొంత మెయిలు

సోమవారం ఉదయం కుటుంబరావు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. పెసరట్టు తినాలి, తొమ్మిదిలోపు కొట్టు తీయాలి, చందర్లపాడు నుంచి రావలసిన కందుల లారీని దింపించాలి. జగ్గయ్యపేట బజారులో పప్పుల టోకు వ్యాపారం ఆయనది. పాతికేళ్ళుగా ఆ కొట్టు తొమ్మిది దాటాక తెరిచిన రోజు లేదు. కానీ ఆ వేళ పెసరట్టు రెండో ముక్క చేతిలోనే ఆగిపోయింది. ఎదురుగా భార్య బాలామణి ఒక విజిటింగ్ కార్డు పట్టుకుని నిలబడింది.

“మా మరిదిగారు కొత్తగా కొట్టించారంట. నిన్న పెళ్ళిలో చెల్లి ఇచ్చింది. బాగుంది కదండీ?”

మరిదిగారంటే వెంకటరత్నం, బాలామణి చెల్లెలు కృష్ణప్రియ మొగుడు. నందిగామలో ఆయనదీ పప్పుల వ్యాపారమే. కుటుంబరావు ఫ్రిజ్ కొంటే నెల తిరక్కుండా ఆయన రెండు తలుపుల ఫ్రిజ్ కొన్నాడు. కుటుంబరావు కాశీ వెళ్ళొచ్చి తలా ఒక గంగచెంబు పంచితే, ఆయన మరుసటేడు వెళ్ళి రెండేసి పంచాడు. ఇప్పుడు కార్డు మీద మెయిలు చిరునామా. అందరికీ ఉండే ఉచిత మెయిలు కాదు. మధ్యలో ఉండే @ గుర్తుకి ఇటు ఆయన పేరు, అటు ఆయన కొట్టు పేరు, రెండూ బంగారు రంగు అక్షరాల్లో.

“బానే ఉంది. ఆ రంగు రెండ్రోజుల్లో పోద్ది,” అన్నాడు కుటుంబరావు. లేచి చెయ్యి కడుక్కుని, ఆ కార్డు జేబులో వేసుకుని, కొట్టుకు వెళ్ళకుండా తిన్నగా బస్టాండు దగ్గర అక్రమ్ నడుపుతున్న కంప్యూటర్ల షాపుకు వెళ్ళాడు.

అక్రమ్ కార్డు అటూ ఇటూ తిప్పి చూశాడు. “ఇదేం పెద్ద పని కాదు షావుకారు గారూ. పేరు మనది. మెయిళ్ళు మాత్రం ఎక్కడో కంపెనీ వాళ్ళ దగ్గర ఉంటాయి. ఏడాదికింత అని కట్టాలి.”

“అంటే వాడిది అద్దె కొంపా?” కుటుంబరావు మొహం వెలిగిపోయింది. “నాకు సొంత ఇల్లు కావాలి. నా మెయిలు నా ఇంట్లో, నా మిషన్ మీద ఉండాలి. నేను ఫోన్‌లో రాస్తే నా ఇంటి నుంచే బయలుదేరాలి.”

“పెట్టొచ్చండి. కానీ ఇళ్ళల్లోంచి వచ్చే మెయిళ్ళని పెద్ద కంపెనీలు తొందరగా నమ్మవు. చెత్తబుట్టలో పడేస్తాయి.”

“నన్ను నమ్మరా? జగ్గయ్యపేటలో ఎవర్నైనా అడగమను!”

బుధవారానికి ఓ పాత కంప్యూటరు కుటుంబరావు హాల్లో టీవీ పక్కన కుంకుమబొట్టు పెట్టుకుని గుర్రుమంటూ కూర్చుంది. కుటుంబరావు ఫోన్‌లో మొదటి ఉత్తరం టైపు చేశాడు. “తమ్ముడు వెంకటరత్నానికి, ఇది మా ఇంట్లోని మా సొంత యంత్రం నుంచి పంపబడినది. అద్దెది కాదు.” పంపి, ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

గంటైనా జవాబు లేదు. ఫోన్ చేసి అడగడానికి మర్యాద అడ్డొచ్చింది. అదే ఉత్తరాన్ని మరో ఐదుసార్లు పంపాడు. సాయంత్రానికి కుళ్ళుకుని జవాబివ్వడం లేదని తేల్చేశాడు. చివరికి బాలామణి చెల్లెలికి ఫోన్ చేస్తే, ఆరు ఉత్తరాలూ చెత్తబుట్టలో దొరికాయని తెలిసింది.

“నా ఉత్తరం చెత్తబుట్టలోనా! వాడే పడేసుంటాడు,” అని కుటుంబరావు పళ్ళు నూరాడు. అక్రమ్‌ను పిలిపించి ఇంకో హంగు పెట్టమన్నాడు. మెయిలు రాసిన ప్రతివాడికీ యంత్రమే తక్షణం మర్యాదగా జవాబివ్వాలి.

“ఒక మనిషికి రోజుకోసారి చాలండి,” అన్నాడు అక్రమ్. “ప్రతిసారీ ఇవ్వడం మంచిది కాదు.”

“మర్యాదకి లెక్కేంటయ్యా? ఎన్నిసార్లు రాస్తే అన్నిసార్లూ ఇవ్వాల్సిందే.”

అక్రమ్ నిట్టూర్చి అలాగే పెట్టాడు. “మీ ఉత్తరం అందినది. కుటుంబరావు గారు స్వయంగా పరిశీలించి జవాబిచ్చెదరు.”

శుక్రవారం అసలు పని పడింది. విజయవాడలో హాస్టళ్ళకు సరుకులు కొనే సాయిప్రసాద్ అనే ఆయన, ఏడాది పొడుగునా కందిపప్పుకి మధ్యాహ్నం రెండులోపు కొటేషన్ మెయిల్లో పంపమన్నాడు. అదే మాట వెంకటరత్నానికీ చెప్పాడని కుటుంబరావుకు తెలిసింది. పదిన్నరకు ఫోను తీశాడు. కొటేషన్ పంపి ఊరుకుని ఉంటే ఈ కథ ఉండేది కాదు. కానీ ముందుగా తోడల్లుడికి నాలుగు ముక్కలు రాశాడు. “తమ్ముడూ, నేను కొటేషన్ పంపుతున్నా. నీదింకా తయారైనట్టు లేదే?”

రెప్పపాటులో జవాబొచ్చింది. “మీ ఉత్తరం అందినది. తీవ్రమైన పని ఒత్తిడిలో ఉండియు వెంకటరత్నం గారు జవాబిచ్చెదరు.”

కుటుంబరావు గుండె కలుక్కుమంది. “ఎంత స్పీడు వీడికి! పని ఒత్తిడంట, అదీ తీవ్రమైందంట!” అనుకునేలోగా అదే జవాబు మళ్ళీ వచ్చింది. మళ్ళీ వచ్చింది. పావుగంటలో నాలుగు వందలు దాటాయి. ఫోను చేతిలో వేడెక్కింది. టీవీ పక్కన యంత్రం పిండిమరలా అరవసాగింది. ఆ గోలలోనే ఆయన పంపిన కొటేషన్ కదల్లేదు. వందల మర్యాదల వెనక వరసలో నిలబడింది.

అంతలో వంటింట్లోంచి బాలామణి విసురుగా వచ్చింది. “చెల్లి ఏడుస్తోంది! మీరు పొద్దుట్నుంచి మరిదిగారికి వందల ఉత్తరాలు రాసి ప్రాణం తీస్తున్నారంట. ఏవండీ, సిగ్గుందా?”

“నేను రాసింది ఒక్కటే! వాడే రాస్తున్నాడు!”

ఫోన్లో అక్రమ్ సంగతి విని తల పట్టుకున్నాడు. “ఆయన కూడా మీలాగే పెట్టించినట్టున్నారండి. రెండు మిషన్లూ ఒకదానికొకటి జవాబులు చెప్పుకుంటున్నాయి. మనది ఆపేయండి, సరిపోద్ది.”

“మనం ముందు ఆపితే మనం ఓడినట్టు! వాడే ఆపాలి.”

వెంకటరత్నానికి ఫోన్ చేస్తే ఎంతసేపటికీ ఎంగేజే. అటు ఆయనా ఇటే చేస్తున్నాడని కుటుంబరావుకు తట్టలేదు. పన్నెండున్నర దాకా చూసి, చెప్పులు తొడుక్కుని కారు తీశాడు. చిల్లకల్లు దాటాక ఎదురుగా వచ్చిన తెల్లకారు ఎక్కడో చూసినట్టనిపించింది కానీ, కోపంలో కారు మాత్రమే కనబడింది, మనిషి కనబడలేదు.

నందిగామ ఇంట్లో కృష్ణప్రియ గుమ్మంలోనే ఎదురైంది. “రండి బావగారూ. ఆయన మీ మిషన్ ఆపిస్తానని మీ ఇంటికే బయల్దేరారు. కాఫీ తాగుతారా?”

హాల్లో టీవీ పక్కన తళతళలాడే కొత్త యంత్రం. దానికి కుంకుమతోపాటు మల్లెపూల దండ కూడా ఉంది.

“ఇదెప్పుడమ్మా?”

“నిన్నే. మీకు సొంత మిషనుందని తెలిసిన కాణ్నుంచీ ఆయన అన్నం సరిగ్గా తినట్లేదండి. మీదానికన్నా పెద్దది కావాలని కూర్చున్నారు.”

ఇరవై రెండేళ్ళుగా కుటుంబరావు ఛాతీలో రగులుతున్నది ఆ ఒక్క మాటతో చల్లబడింది. కుర్చీలో వెనక్కి వాలి, ఆ మాట మళ్ళీ చెప్పించుకుని, కాఫీ ఆఖరు చుక్క దాకా ఆస్వాదించాడు. తరువాత లేచి, ఎంతో దయగా ప్లగ్గు పీకాడు. సరిగ్గా ఆ సమయానికే జగ్గయ్యపేటలో వెంకటరత్నం కుటుంబరావు యంత్రం ప్లగ్గు పీకుతున్నాడు. పీకేముందు, తన చెత్తబుట్టలో పడ్డ ఉత్తరాల కోసం కుటుంబరావు ఎంత కలవరపడ్డాడో బాలామణి చేత రెండుసార్లు చెప్పించుకున్నాడు.

గోడ గడియారం చూస్తే రెండూ పది. కుటుంబరావుకు అప్పుడు కొటేషన్ గుర్తొచ్చింది. వెంటనే సాయిప్రసాద్‌కు ఫోన్ చేశాడు.

“సాయిప్రసాద్ గారూ, మా మిషన్‌లో చిన్న ఇబ్బందండి. ఒక్క గంట టైమిస్తే...”

“ఎందుకండీ? ఆర్డరు ఇచ్చేశాగా!”

“ఎవరికి?”

“మీవాళ్ళకేనండి. మీ ఇద్దరి ఫోన్లూ కలవక, మీ బోర్డు మీదున్న రెండో నంబరుకి చేశా. బాలామణి గారు ఎత్తారు. ఆవిడా, వాళ్ళ చెల్లెలుగారూ మాట్లాడుకుని, రేటు కాగితం మీద రాసి ఫొటో తీసి వాట్సాప్‌లో పంపారు. చెరిసగం సప్లై చేస్తారంట. ఇకనుంచి వాళ్ళతోనే మాట్లాడతానండి. వాళ్ళయితే అందుబాటులో ఉంటారు.”

కుటుంబరావు తలెత్తాడు. కృష్ణప్రియ ఫోన్లో అక్కతో ఏదో చెబుతూ పకపకా నవ్వుతోంది. పొద్దున్నే ఏడ్చిన మనిషి అంటే ఎవరూ నమ్మరు.

తిరుగుదారిలో కారు పక్కకు ఆపుకుని వెంకటరత్నానికి ఫోన్ చేశాడు. ఈసారి మొదటి రింగుకే కలిసింది.

“తమ్ముడూ, చూశావా వీళ్ళ పొగరు? మనల్నొక్క మాట కూడా అడగలా!”

“చూశా అన్నయ్యా. మీ ఇంట్లో నాకు కనీసం కాఫీ అయినా ఇవ్వలేదు. ఆర్డరు పనిలో ఉన్నానంది వదిన.”

“తీవ్రమైన పని ఒత్తిడి అందా?”

“అదే అంది అన్నయ్యా.”

పెళ్ళిళ్ళయిన ఇరవై రెండేళ్ళలో తోడల్లుళ్ళిద్దరూ ఒకరి మీద ఒకరు కాకుండా, కలిసి పెళ్ళాల మీద కుళ్ళుకోవడం అదే మొదలు.