ఈశాన్యానికి వాటం

పెరట్లో నీళ్లు నిలవడం మహాభాగ్యం! నిలవనివాళ్లు నన్ను చూసి కుళ్లుకోండి. నిలిచినవాళ్లు ఎలాగూ కుళ్లుతూనే ఉంటారు.

హుద్‌హుద్ తుఫాను మా శ్రీకూర్మంలో నా పెరటి తోటను ఊడ్చేశాక, ఆ మరుసటి వేసవిలో సిమెంటు టైల్స్ పరిపించాను. నీళ్లు నిలవకుండా నేలకు వాటం ఇవ్వాలన్నాడు మేస్త్రి నూకయ్య. పది అడుగులకు రెండంగుళాల వాలు చాలట.

"కాలవ నైరుతిలో ఉన్నాది బాబూ. అటేపు వాలిచ్చెద్దునా?"

"నైరుతికా! నీళ్లతోపాటు లక్ష్మి కూడా ఎలిపోతాదిరా! ఈశాన్యానికి వాల్చు."

"ఈశాన్నంలో కాలవేటున్నాది? పక్కింటి దాలమ్మ గోడున్నాది!"

"ఒరే, చేతిలో తాపీ ఉంది కదా, నోరు కూడా తాపీగా ఉంచు!"

వాల్చాడు. తొలకరి పడింది. ఆహా, ఏం వైభవం! గుమ్మం దిగితే స్విమ్మింగ్ పూల్. చెప్పులు విడిస్తే అవే షికారుకెళ్తున్నాయి. కప్పల కచేరీకి టికెట్ లేదు. దోమలకు ఫ్యామిలీ ప్లానింగ్ లేదు. ముఖ్యంగా, చుట్టాల రాక సగానికి సగం పడిపోయింది. వాస్తుబలానికి ఇంతకన్నా రుజువేం కావాలండీ?

ఈ భాగ్యాన్ని నేనొక్కణ్ణే అనుభవించానా? లేదు! నా గుండె అంత ఇరుకు కాదు. ఈశాన్యాన ఉన్న దాలమ్మక్కూడా పంచాను. ఆవిడ గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా ఎండుచేపలు అమ్ముతుంది. ఒంటిగది మట్టి ఇల్లు, నా పెరటికన్నా అడుగు పల్లం. వానాకాలానికని దాచుకున్న నాలుగు గంపల ఎండు నెత్తళ్లకు మళ్లీ ఈత గుర్తొచ్చింది!

"బాబూ, మీ నీరంతా మా ఇంట్లోకొచ్చీసినాది. గోడ నానిపోతన్నాది" అంది దాలమ్మ.

"అది నీరు కాదమ్మా, లక్ష్మి! వెతుక్కుంటూ వస్తే వద్దంటావేటి?"

ఆవిడ కుళ్లిన నెత్తళ్ల గంప నెత్తికెత్తుకుని వెళ్లిపోయింది. వాస్తు పుస్తకంలో ఎనిమిది దిక్కులూ ఉన్నాయి. ఆ దిక్కున ఉన్న దిక్కులేనివాళ్ల సంగతి మాత్రం ఏ పేజీలోనూ లేదు. పుస్తకంలో లేనిదాన్ని నేనెందుకు పట్టించుకోవాలి?

మూడో రోజు వానకు గోడ కూలింది. అదృష్టం, దాలమ్మ అప్పుడు సంతలో ఉంది.

సాయంత్రానికి మా వీధి అరుగు మీద మూట, చాప, కిరసనాయిలు స్టవ్వు దిగాయి. వెనకే దాలమ్మ.

"ఇదేటమ్మా?" అన్నాను.

"మా ఇంట్లో మీ లచ్చిమి దిగీసినాది గదా బాబూ, మాకు సోటు లేదు. లచ్చిమి ఎలిపోయినాక మీ ఇల్లు కాళీయే గదా! ఆగ్నేయం ఎటేపో సెప్పు. పొయ్యెట్టుకోవాల."

మా ఆవిడ పద్మకుమారి బయటికొచ్చి, ఆమెకు ఆగ్నేయం చూపించింది. నా చేతికి గునపమిచ్చి, టైల్స్ చూపించింది.