ఎడమ స్పీకర్ చేసిన ద్రోహం

ఆఫీసులో ఆయన గుమాస్తా, ఇంట్లో నిద్రాభూషణం. ఆ బిరుదు భార్య ఇచ్చింది. ఆదివారమైనా సరే, తెల్లారగానే ఆవిడ స్టీరియో పెట్టి ఇల్లదిరేలా వ్యాయామం చేసేది. దిండు కింద తల దూర్చినా ఆయనకు కునుకు దక్కేది కాదు.

అందుకే ఆవిడ పాలకు వెళ్లిన అదను చూసి, ఎడమ స్పీకర్ వైరు వదులు చేశాడు. గరగరమంటే విసుగెత్తి ఆవిడే కట్టేస్తుందని ఆశ.

మీట నొక్కి చూశాడు. స్టీరియో ఒక్కసారి గుర్రుమని, టప్పున ఆగిపోయింది.

ఆయన పైప్రాణాలు పైనే పోయాయి. అది మామగారు మోజుపడి కూతురికి కొనిచ్చింది. ఆ మామగారు ఒకప్పుడు బడిలో ఈయనకు లెక్కలు చెప్పిన హెడ్మాస్టరు. ఆయన దగ్గినా ఈ అల్లుడికి ఎక్కాలు తప్పిపోతాయి. ఇవాళే వస్తున్నారు కూడా!

కుడి వైరు ఎడమకీ, ఎడమ వైరు కుడికీ మార్చాడు. ఉలుకూ పలుకూ లేదు. ప్లగ్గు పీకి పెట్టాడు. తట్టాడు. బతిమాలాడు. అంతలో కాలిన వాసన!

"నేలమీద ఏం చేస్తున్నారు?" గుమ్మంలో భార్య, చేతిలో పాల ప్యాకెట్లు.

"దుమ్ము తుడుస్తున్నానోయ్."

"స్క్రూడ్రైవరుతోనా?"

"మొండి దుమ్ము!"

వీధిలో కారు ఆగింది. హెడ్మాస్టరుగారి దగ్గు వినిపించింది.

"తప్పయిపోయింది! వైరు నేనే వదులు చేశా. నిద్ర కోసం! పెట్టె కాలిపోయింది. మీ నాన్నకి చెప్పకే తల్లీ!"

"కాలింది మీరు పొయ్యిమీద మరిచిపోయిన కాఫీ," అంటూ ఆవిడ వంటింట్లోకి వెళ్లి పొయ్యి కట్టేసి వచ్చి, వంగి చూసింది. "ఈ రెండు తీగలూ ఒకదానికొకటి తగులుతున్నాయి. అలా తగిలితే పెట్టె తనే ఆగిపోతుంది."

ప్లగ్గు తీసి, తీగలు విడదీసి బిగించి, మళ్లీ పెట్టింది. పాట మోగింది.

అప్పుడే మామగారు లోపలికొచ్చారు. "నేలమీద ఏమిటోయ్ అల్లుడూ?"

భార్యే అందుకుంది. "ఆయనకి పాటలంటే ప్రాణం నాన్నా. కళ్లు తెరవగానే వినపడాలట. ఒక స్పీకరు మంచం దగ్గర పెట్టమని ఒకటే గొడవ."

"ఎంత రసికుడివయ్యా!" మామగారు మురిసిపోయి ఎడమ స్పీకరు తనే ఎత్తుకున్నారు. "ఎక్కడ పెట్టాలమ్మా?"

"తలగడ పక్కనే."

"అంతేనా అల్లుడూ?"

నిద్రాభూషణం లేచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అంతే సార్."