బెండకాయ జాతకం, లస్మయ్య గుండు

ఊరూ పేరూ తెలియని బెండకాయను తినడం అనాగరికం!

ఇన్నాళ్లూ ఏమాత్రం సంకోచం లేకుండా వేపుడు చేసుకున్నాం. ఎంత సిగ్గుచేటు! ఇక ఆ బాధ లేదు. నెల్లికుదురులో నింపిన ప్రతి బెండకాయ సంచికీ ఇప్పుడొక క్యూఆర్ కోడ్ ఉంది. నగరంలో కొన్నవారు స్కాన్ చేస్తే చాలు. విత్తిన రోజు, తాగిన నీళ్లు, వ్యాను కాల్చిన డీజిల్, చివరగా పండించిన రైతు ముఖం, అన్నీ ఫోన్‌లో ప్రత్యక్షం. పెళ్లి సంబంధాలు కూడా ఇంత వివరంగా చూడరు! వృథా తగ్గుతుందట, భూమి చల్లబడుతుందట. ఇంతకంటే ఏం కావాలి?

అక్కడి రైతు లస్మయ్యకు మాత్రం ఒక్కటే కావాలి. పొద్దున కోసిన కాయ ఆ పూటే వ్యాను ఎక్కాలి. ఎక్కలేదా, మర్నాటికి అది ముదిరి బర్రె ముందుకే.

ఈ జాతకం రాసే యాప్‌కు ఆయన మీద ఎంత శ్రద్ధో! ఎరువెంత వేశావు, నీళ్లెన్ని పెట్టావు, అన్నీ అడిగింది. ఆ నీళ్లు ఎవరి దయ అని మాత్రం అడగలేదు. రెండు బోర్లు ఎండిపోయాక, మూడోదాంట్లో నీళ్లు పడితే తలనీలాలిస్తానని లస్మయ్య కురవి వీరభద్రుడికి మొక్కుకున్నాడు. పడ్డాయి. బెండ కాసింది. ఆదివారం వెళ్లి జుట్టూ మీసమూ సమర్పించి, తేలికైన తలతో ఇంటికొచ్చాడు.

సోమవారం కొనుగోలు కేంద్రంలో పనిచేసే శృతి ఫోన్‌ను ఆయన ముఖానికెదురుగా పట్టింది. యాప్‌లోని పాత ఫొటోతో ముఖం కలిస్తేనే సరుకు తీసుకోవాలి.

"పెద్దనాయినా, నువ్వు నువ్వు కాదంటాంది."

"మరెవరినంట? జర దాన్నే అడుగు బిడ్డా."

"కొత్త రైతువంట. పదిహేను రోజులు ఆగాల్నంట."

పక్కనున్న భార్య చిలుకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పొద్దుగాల చాయ్ ఇయ్యబోయి నేనే ఎవలో సుట్టం వచ్చిండనుకున్న. గా ఫోన్‌ది తప్పేముంది!"

ఎంత గట్టి భద్రతో చూడండి! దేవుడు గుర్తుపట్టిన మనిషినైనా సరే, యాప్ తొందరపడి నమ్మదు.

వ్యాను రావడానికి అరగంట ఉంది. లస్మయ్య బుచ్చన్న ఇంటికి ఉరికాడు. బుచ్చన్న యక్షగానంలో రాక్షసరాజు వేషం కడతాడు. భుజాల దాకా జుట్టూ, చెవుల దాకా మీసమూ అరువు తెచ్చి తగిలించుకుని, లస్మయ్య ఫోన్ ముందు నిలబడ్డాడు.

"స్వాగతం, లస్మయ్య గారూ!" అంది యాప్.

సంచులు వ్యానెక్కాయి. వాటి వెంట ఆ ఫొటో కూడా నగరానికి వెళ్లింది.

బుధవారం మళ్లీ సరుకుతో, మళ్లీ అదే జుట్టుతో వచ్చిన లస్మయ్యకు శృతి ఒక అభిప్రాయం చదివి వినిపించింది: "కాయలు లేతగా ఉన్నాయి. రైతును చూసి పిల్లలు జడుసుకున్నారు. ఒక స్టార్."

లస్మయ్య జారుతున్న మీసాన్ని సర్దుకున్నాడు.

"గా అమ్మ ఎవరు బిడ్డా? ఆమె మొఖం సుత జూపియ్యి. కాయలన్నీ తిన్నరా, సగం పారేసిన్రా, ఒక్క మాట అడుగుత."

శృతి నొక్కింది. తెర మీద అక్షరాలు వచ్చాయి: "వినియోగదారుల వివరాలు గోప్యం."

పాఠకులారా, ఎంత మర్యాద తెలిసిన యాప్! తినేవారి పేరైనా పొక్కనివ్వదు. పండించేవాడికి దాచుకోవడానికి ఏముంది? ఉన్న నాలుగు వెంట్రుకలూ దేవుడికి ఇచ్చేశాడు.

ఇప్పుడు నెత్తిన ఉన్నవి బుచ్చన్నవి.