బాతు స్టిక్కరు చేసిన మేలు

పాత బండికి సరైన స్టిక్కరు దొరకకపోవడాన్ని మించిన అదృష్టం సంసారికి మరొకటి లేదని సవినయంగా మనవి చేస్తున్నాను. నవ్వకండి. ఇంజిను బాగుపడుతుంది, టైర్లు దొరుకుతాయి, రంగు కుదురుతుంది. మాకు ఒక్క స్టిక్కరు మాత్రం దొరకలేదు. ఆ దొరకకపోవడం వల్ల మా ఇంటికి జరిగిన మేలు మీకు కూడా జరగాలనే సదుద్దేశంతో ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

మా అత్తగారు అద్దాల వ్యాపారం చేసేవారు. కిటికీ అద్దాలు, బీరువా అద్దాలు, మొహం చూసుకునే అద్దాలు తానే కోసి, తన పికప్‌లో నిలబెట్టి, తానే తోలుకెళ్లి ఇచ్చేవారు. వీధి మలుపులో ఆ బండి కనిపిస్తే జనం గొంతు తగ్గించి మాట్లాడేవారట, అద్దాలు ఎక్కడ పగులుతాయోనని. షాపు మూసేశాక బండి షెడ్డులో పడింది, ఆవిడ మా ఇంటికి వచ్చారు.

ఒకరోజు టీ తాగుతూ, "బాబూ, ఆ బండి బాగుచేయించి మీరే ఉంచుకోండి. కాకపోతే నేను కొన్ననాడు ఎలా ఉందో అలాగే ఉండాలి. ఒక్కసారి తోలి చూసుకుంటాను," అన్నారు.

ఊరికే వచ్చే బండి ఏ అల్లుడికి చేదు? ఒప్పుకున్నాను. మెకానిక్ ఇంజిను విప్పి చూసి, "దీనికేం రోగం లేదు సార్, నిద్రపోయిందంతే," అని లేపి కూర్చోబెట్టాడు. పెయింటరు పాత రంగంతా గీకేసి అచ్చం అదే మీగడరంగు కొట్టాడు. ఇక మిగిలింది స్టిక్కర్లు. "అదెంతసేపు?" అన్నాను మా ఆవిడతో. ఈ రచన చదివే యువకులారా, భార్యతో ఆ రెండు మాటలు ఎప్పుడూ అనకండి.

ఆ బండి తలుపుల మీద ఒక కొంగ ఎగురుతూ ఉండేది. దాని రెక్క కిందనుంచి చారలు బండి తోకదాకా సాగేవి. కంపెనీవాళ్లు ఆ మోడలుకి పెట్టిన గుర్తది. కంపెనీ ఎప్పుడో మూతపడింది. అత్తగారేమో బండి కొన్న కొత్తల్లోనే ఆ కొంగల మీద షాపు పేరు రాసిన రేకులు బిగించేశారు. కొంగని చూసి అద్దాలెవరు కొంటారన్నది ఆవిడ వాదన. బయటికి కనిపించే చారలు ఎండకి వెలిసి, రాలి, మా ఆవిడకి ఊహ తెలిసేసరికే ఆనవాలు లేకుండా పోయాయి. కాబట్టి ఆ కొంగని నిండుగా చూసినవారు మా ఇంట్లో అత్తగారొక్కరే.

"రెండు చారలు బాబూ. పైది ఇటుకరంగు, కిందది పసుపు. కొంగ మెడ ముడుచుకుని, కాళ్లు వెనక్కి చాచి ఉంటుంది," అన్నారు ఆవిడ, కొలతలు చెప్పి అద్దం కోయించినంత ధీమాగా.

ఆన్‌లైన్‌లో వెతికాను. అక్కడ లేని స్టిక్కరు లేదు. ప్రతిదాని కిందా "నూటికి నూరుపాళ్లు ఒరిజినల్‌కి నకలు" అని రాసి ఉంది. ఒరిజినల్‌ని చూసి నకలు తీయడం ఎవరైనా చేస్తారు. చూడకుండా తీయడం సామాన్యమైన విద్యా?

మొదటి కవరు విప్పితే మూడు చారలూ ఒక బాతూ బయటపడ్డాయి. మామూలు బాతు కూడా కాదు, కడుపునిండా తిని సోఫా కోసం వెతుకుతున్న బాతు. రెండోవాడు పంపినదాంట్లో పక్షి కాస్త సన్నబడింది గాని, రెండు తలుపులకీ ఒకే వైపు స్టిక్కరు పంపాడు. ఒక పక్కనుంచి చూస్తే పక్షి ముందుకి, ఇంకో పక్కనుంచి చూస్తే వెనక్కి ఎగురుతుంది. ఇదేమిటని అడిగితే, "రివర్సు గేరులో కరెక్టుగా ఉంటుంది సార్," అన్నాడు. ఇంత ముందుచూపు ఉన్న వ్యాపారిని, అదీ వెనక్కి చూసే ముందుచూపు ఉన్నవాణ్ని, మీరెక్కడైనా చూశారా?

మూడో కవరులో మళ్లీ మొదటి బాతే. ఈసారి అమ్మినవాడికి ఫోన్ చేశాను.

"ఒరిజినల్ చూసి చేశారా?"

"ఒరిజినల్ ఫోటో చూసి చేశాం సార్."

"ఆ ఫోటో నాకు పంపగలరా?"

పాపం, వెంటనే పంపాడు. నిగనిగలాడే పికప్. తలుపు మీద మూడు చారలు, బాతు. బండి పక్కన ఒక అగ్గిపెట్టె. అగ్గిపెట్టె బండికన్నా ఎత్తుగా ఉంది.

"ఇది పిల్లలాడుకునే బొమ్మ బండి కదండీ?"

"బొమ్మైనా మంచి కంపెనీ బొమ్మ సార్. చాలామందికి ఇచ్చాం. ఇంతవరకూ ఒక్కరూ కంప్లెయింట్ చేయలేదు."

ఎవరు చేస్తారు? కొన్నవాళ్లూ ఆ బొమ్మనే చూసి ఉంటారు.

ఇలా కాదని పాత బండ్ల సంఘం అధ్యక్షుడికి ఫోన్ కలిపాను. పాత బండ్ల విషయంలో ఆయన మాటకి తిరుగులేదని అందరూ అంటారు. అత్తగారు కూడా వింటారని స్పీకరులో పెట్టాను.

"మూడు చారలేనండీ. మా సంఘంలో ఈ మోడలు బండ్లన్నిటికీ మూడే ఉన్నాయి," అన్నారాయన.

"ఆ స్టిక్కర్లు ఎక్కడ కొన్నారు?" అని అడిగాను.

"ఆన్‌లైన్‌లో."

అత్తగారు ముందుకి వంగారు. "నేను బండిని షోరూంలో కొత్తగా కొన్నాను బాబూ. రెండే చారలు. అది బాతు కాదు, కొంగ."

అటునుంచి చిన్నపిల్లలతో మాట్లాడేటప్పటి గొంతు వచ్చింది. "మీరు పొరబడుతున్నారేమోనమ్మా. చాలా ఏళ్లయింది కదా. ఈ వయసులో మామూలే."

ఇక్కడినుంచి ఆ స్టిక్కరు మా ఇంటికి చేసిన మేలు మొదలైంది. ఆ సాయంత్రం వంటగదిలో మా ఆవిడ గొంతు తగ్గించి, "అమ్మకి ఈమధ్య మరుపు ఎక్కువైందండీ. మొన్న కళ్లజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికింది," అంది. నేనూ రోజూ అలాగే వెతుకుతాను. కాని నాది మరుపు కాదు, ఆలోచన. మా బావమరిది ఫోన్ చేసి, జ్ఞాపకశక్తి చూసే మంచి డాక్టరు తనకి తెలుసన్నాడు. ఏళ్ల తరబడి తల్లికి ఫోన్ చేయడం గుర్తులేని మనిషికి ఆ డాక్టరు ఎలా తెలిశాడో నేను అడగలేదు. చూశారా, చెల్లాచెదరైన కుటుంబాన్ని ఒక బాతు ఎలా దగ్గర చేసిందో.

గోడలకి చెవులుంటాయో లేదో గాని, మా అత్తగారికి ఉన్నాయి. ఒకసారి కట్టేసిన స్టవ్వు దగ్గరికి రెండోసారి వెళ్లి చూడడం మొదలుపెట్టారు. తలుపు గడియ వేసి, మళ్లీ లాగి చూసేవారు. ఏదైనా చెప్పబోయి, మధ్యలో ఆగి, "అంతేనా?" అన్నట్టు కూతురి మొహంలోకి చూసేవారు. అద్దానికి గాటు పెట్టాక చేయి వెనక్కి తీయకూడదని మాకు పాఠాలు చెప్పిన మనిషి.

ఒక మధ్యాహ్నం నా పక్కన కూర్చుని, "బాబూ, మా షాపు వీధి మలుపులో పోస్టు డబ్బా ఉండేది కదా?" అన్నారు.

"ఉండేదత్తయ్యా."

"మీరు చూశారా? లేక నేను చెబితే అంటున్నారా?"

నేను హాస్యరచయితనని పది మందీ అంటారు. ఆ ప్రశ్నకి చేతిలో పేపరు మడతపెట్టి మళ్లీ విప్పాను. నేను పెళ్లయ్యాక వచ్చినవాణ్ని. ఆ డబ్బాని చూసిన గుర్తు నాకూ లేదు.

ఆవిడ కాసేపు తన వేళ్లు చూసుకున్నారు. "మూడు చారలే అంటించేయండి. అందరూ అంటున్నప్పుడు అదే నిజమై ఉంటుంది," అని లేచి వెళ్లిపోయారు.

మర్నాడు ఉదయం నేనూ మెకానిక్కూ బాతుని పట్టుకుని బండి దగ్గరికి వెళ్లాం. అంటించాలంటే తలుపు మీది రేకు తీయాలి. బోల్టులకి తుప్పు పట్టి, రెంచి పెడితే జారిపోతున్నాయి.

"పెయింటరు ఈ రేకు తీసి కిందదంతా గీకేసి ఉంటాడనుకున్నాను. తీయకుండా రంగెలా కొట్టాడు?" అన్నాను.

మెకానిక్ రేకు అంచు గోటితో గీకి చూశాడు. "తీయలేదు సార్. చుట్టూ టేపు వేసి కొట్టేశాడు. పనిదొంగ."

పాఠకులారా, లోకంలో బద్ధకస్తులు చేసే సేవని మనం సరిగా గుర్తించడం లేదు. ఆ పెయింటరు నిజాయితీగా పని చేసి ఉంటే మా కథ అక్కడితో సరి. బోల్టుల తలలు కోసేశాం. మెకానిక్ స్క్రూడ్రైవరు దూర్చి రేకుని పైకి లేపాడు. లేపి, దాన్ని చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

రేకు కింద ఎండ తగలని పాత మీగడరంగు ఉంది. దాని మీద ఇటుకరంగు చార, దాని కింద పసుపు చార. మూడోది లేదు. పైన తెల్లటి పక్షి, మెడ ముడుచుకుని, కాళ్లు వెనక్కి చాచి.

మా ఆవిడని కేకేశాను. ఆమె చేయి తుడుచుకుంటూ వచ్చి, చూసి, లోపలికి వెళ్లి తల్లిని చేయి పట్టుకుని తీసుకొచ్చింది. అత్తగారు తలుపు ముందు వంగి, కొంగ కాళ్ల మీద వేలు పెట్టి చివరిదాకా నడిపించారు.

"పోస్టు డబ్బా కూడా ఉండేది," అన్నారు, ఎవరితోనూ కాకుండా.

మా ఆవిడ కళ్లు తుడుచుకుంది. మా ఇళ్లలో తప్పయిందని నోటితో చెప్పే అలవాటు లేదు. "అమ్మా, టీ పెట్టనా?" అంది.

"పెట్టు. పంచదార మాత్రం నేను వేసుకుంటాను. నువ్వు మర్చిపోతావు."

పాత కొంగ పెళుసెక్కి రాలేలా ఉంది, చారలు ఎలాగూ తోకదాకా కొత్తవి కావాలి. ఆ తర్వాత అంతా ఆవిడ చేతుల మీదుగానే జరిగింది. ఒక పలచటి అద్దం ముక్క తెప్పించి, కొంగ మీద ఆనించి, అద్దాల మీద గీతలు గీసే మైనపు పెన్సిలుతో అంచులన్నీ దించారు. దాన్ని పట్టుకుని షాపుల బోర్డులు చేసే కుర్రాడి దగ్గరికి వెళ్లాం. అతను కంప్యూటరులో ఎక్కించి, ఆన్‌లైన్‌లో ఉన్నవాటితో పోల్చి చూసి, "మేడమ్, ఇందులో చిన్న తప్పుంది, బాతులా సరిచేయనా?" అన్నాడు. అత్తగారు అతని వెనకే కుర్చీ వేసుకుని, స్టిక్కరు కోసేదాకా కదల్లేదు.

రెండు చారలూ కొంగా ఎక్కిన బండిని పాత బండ్ల ప్రదర్శనకి తీసుకెళ్లాం. అధ్యక్షుడుగారే జడ్జి. ఫోనులో ఆ అగ్గిపెట్టె ఫోటోనే తెరిచి, తలుపు పక్కన పెట్టి, దాన్నీ దీన్నీ మార్చి మార్చి చూశారు.

"చార ఒకటి తక్కువైంది. పక్షి కాళ్లు కూడా తప్పు. ఒరిజినల్‌లో ముడుచుకుని ఉంటాయి," అన్నారు.

"ఎగిరే కొంగ కాళ్లు ముడుచుకోదు బాబూ, వెనక్కి చాచుకుంటుంది. ఎప్పుడూ చూడలేదా?" అన్నారు అత్తగారు.

"మేం ఫోటో చూశామమ్మా."

రేకు తీసినప్పుడు తీసిన ఫోటో నేను చూపించాను. ఆయన దయగా తల ఊపారు. "ఇది ఎవరో తర్వాత అంటించి ఉంటారు. సంఘం దగ్గరున్న ఫోటోనే ప్రమాణం," అని, చేతిలో ఫోను బానెట్టు మీద పెట్టి, నన్ను పక్కకి పిలిచి, "పెద్దావిడ కదా, మరుపు సహజం. మీరు పట్టించుకోకండి," అని భుజం తట్టి, పక్క బండి దగ్గరికి నడిచారు. దాని మీద బాతు ఉంది. మొదటి బహుమతి దానికే వచ్చిందని తర్వాత తెలిసింది.

అందుకే స్టిక్కర్లు తయారుచేసే పెద్దలకి నా విన్నపం. దయచేసి సరైనవి చేయకండి. చేస్తే ఎవరు గుర్తుపడతారు? చూసిన మనిషి ఎదురుగా నిలబడి చెబుతుంటే, చూడనివాళ్లమంతా కలిసి ఆ మనిషిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లే రోజులివి. ఇంత చక్కటి ఏర్పాటుని ఒక నిజమైన కొంగ కోసం పాడుచేసుకుంటామా?

అత్తగారికి మాత్రం మార్కుల గోల పట్టలేదు. "పదండి బాబూ, అలా ఒక చుట్టు తిరిగొద్దాం," అని స్టీరింగు ముందు కూర్చున్నారు. నేను పక్కన ఎక్కాను, మా ఆవిడ మధ్యలో ఇరుక్కుంది. ఇంజిను మొదటిసారికే అందుకుంది. గేరు వేయబోయి ఆవిడ చేయి ఆపారు, కిటికీలోంచి తల బయటపెట్టి, పక్క బండి బాతుకి మార్కులు వేస్తున్న అధ్యక్షుడుగారిని పిలిచారు.

"బాబూ, మీ ఫోను మా బానెట్టు మీద మర్చిపోయారు."