సరిహద్దులో కట్టిన పదిహేను నిమిషాలు

నేపాల్ గడియారం మన గడియారం కంటే పదిహేను నిమిషాలు ముందు నడుస్తుంది కనుక, సరిహద్దు దాటే ప్రతి యాత్రికుడూ తాను బతికిన బతుకులోంచి ఒక పదిహేను నిమిషాలు తీసి కౌంటర్లో కట్టాలి. కాలు పెట్టాలంటే కాలం కట్టాలన్నమాట. తిరుగు ప్రయాణంలో మళ్లీ పదిహేను నిమిషాలు వాపసు ఇస్తారు. కాలక్షేపానికి వెళ్లేవాళ్లు కాలనిక్షేపం చేయడంలో వింతేమీ లేదని టూరు మేనేజరు గోవిందు బస్సులోనే చెప్పాడు. అతను పంచిన కరపత్రంలో సూచనలున్నాయి: ఓటరు కార్డు అసలుదే తేవాలి, స్వెట్టరు చేతికందేలా ఉంచుకోవాలి, కొండదారిలో కడుపు నిండా తినకూడదు, పనికిరాని పదిహేను నిమిషాలు ముందే ఎంచుకోవాలి.

తోటివాళ్లు రేషను క్యూలూ సన్మాన సభలూ వెతుక్కుంటుంటే దాలినాయుడు నిశ్చింతగా కూర్చున్నాడు. పార్వతీపురం బస్టాండులో ముప్పైయేళ్లు టైమ్‌కీపరుగా చేసిన మనిషి. ఏనాడు ఏ బస్సు ఎంత లేటో ఇప్పటికీ చెప్పగలడు. పచ్చ ఫారం మీద రాశాడు: "ఎనభై ఆరు, జూన్ తొమ్మిది. సాలూరు బస్సు ఆలస్యం. సరిగ్గా పదిహేను నిమిషాలు." గుమాస్తా ముద్ర వేసి, ఆ నిమిషాల్ని గుడ్డసంచిలో కట్టి వెనక్కి విసిరాడు.

"ఏటి రాసారు?" అంది భార్య పైడితల్లి.

చెప్పాడు. ఆమె ముఖం పాలిపోయింది.

"ఆ లేటులోనే గదండీ, బస్సెప్పుడొస్తాదని నేనడిగితే మీరు రుమాల్తో బెంచీ తుడిచి కూకోమన్నారు. ఆ పావుగంట వల్లే మన పెళ్లయింది."

"అలాగా?" అన్నాడు దాలినాయుడు మర్యాదగా.

అతనికి పెళ్లి గుర్తుంది, కాపురం గుర్తుంది. ఎలా మొదలైందో మాత్రం తెలీదు. మొదటి స్టేజీ లేకుండా రెండో స్టేజీ నుంచి బయల్దేరిన బస్సులా ఉన్నాడు. పోఖరాలో ఐదు రోజులూ పైడితల్లి కొండల్ని చూడలేదు, వెనక్కి వెళ్లే తేదీనే చూసింది.

"మా సంచే మాకియ్యి బాబూ. పార్వతీపురంది," అంది తిరుగు కౌంటర్లో.

యాత్రికులతో వేగి వేగి తెలుగు పట్టుబడిన గుమాస్తా తలెత్తలేదు. "అందరూ దండగ నిమిషాలే ఇస్తారమ్మా. దండగ మీద పేరెవరు రాస్తారు? చేతికొచ్చిందే ఇస్తాం."

"ఇంతకుముందు ఎవలూ అడగలేదా?"

"పోయిందని తెలిస్తే కదా అడగడానికి."

దాలినాయుడికి దక్కింది ఎవరిదో పళ్ల డాక్టరు దగ్గర ఎదురుచూపు. కట్టుడు పళ్లు సలపడం మొదలెట్టాయి.

గోవిందు మైకులో అందరికీ వివరించాడు: కరపత్రంలో చిన్న పొరపాటు దొర్లింది, "పనికిరాని" అన్నచోట "పక్కవారిని అడిగి, పనికిరానివని తేల్చుకున్న" అని చదువుకోవాలి. బస్సులో ప్రతి ఒక్కరూ పక్క సీటు వైపు చూశారు. ఎవరూ ఏమీ అడగలేదు.

గోరఖ్‌పూర్ స్టేషనులో రైలు లేటు. పైడితల్లి తన బట్టల సంచి చంకన పెట్టుకుని భర్త ఎదురుగా వచ్చి నిలబడింది.

"సాలూరు బస్సెప్పుడొస్తాది బాబూ?"

దాలినాయుడికి ఏమీ గుర్తు రాలేదు. అలవాటు కొద్దీ రుమాలు తీసి బెంచీ తుడిచాడు.

"పావుగంట లేటమ్మా. కూకోండి."

ఆమె కొంచెం ఎడంగా, కొత్త మనిషి పక్కన కూర్చున్నట్టు, కూర్చుంది.